భూమి పంచారు, పహాణీ మారలేదు

విప్లవం మేలా, మెల్లగా వచ్చే సంస్కరణ మేలా అన్న వాదనకు తెలంగాణ భూముల కథను మించిన ఉదాహరణ మనకు లేదు.

ముందు చట్టం సంగతి. వెట్టికి దారితీసే భగేలా ఒప్పందాలను (అప్పు తీరేదాకా కూలి చేయాలనే ఒప్పందాలు) అదుపు చేస్తూ నిజాం 1936లోనే చట్టం చేశాడు. ఊళ్లో దాన్ని అమలు చేయాల్సినవాళ్లు దొరకు అయినవాళ్లే. ఇంకెక్కడి అమలు! 1946 జులై 4న కడవెండిలో ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు బలయ్యాక, ఆ సంఘం బలంగా ఉన్న ఊళ్లలో వెట్టి దానంతటదే ఆగిపోయింది. ఆ పోరాటంలో సాగిన భూమి పంపకంలో మొదట దొరకు 500 ఎకరాలు వదిలారు. తర్వాత 200కి, చివరికి ఖుష్కి (మెట్ట) 100, తరి (మాగాణి) 10కి దించారు. మొత్తం పది లక్షల ఎకరాలు పంచామని పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ చెప్పింది. అది పార్టీ లెక్క, కాస్త తగ్గించి చూసినా చిన్నదేమీ కాదు.

చిక్కల్లా పహాణీలో, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగుచేస్తున్నారో రాసే ఊరి దస్త్రంలో వచ్చింది. దున్నేవాడు మారినా పట్టాదారు పేరు మారలేదు. 1948 సెప్టెంబర్‌లో సైన్యం దిగాక దొరలు తిరిగొచ్చి చాలాచోట్ల ఆ భూములు మళ్లీ పట్టుకున్నారు.

అలాగని పోరాటం వృథా అనలేం. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఊళ్లు అంతగా రగలకపోతే ఇంత తొందరగా వచ్చేవి కావని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి సాగుచేస్తున్నవాడు ఆ చట్టంతో రక్షిత కౌలుదారు, అంటే ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించలేని కౌలుదారు అయ్యాడు. అతన్నే యజమానిని చేసే 38-ఇ సెక్షన్ మాత్రం ఖమ్మం వైపు ముందే అమలై, మిగతా తెలంగాణలో చాలాచోట్ల 1973 జనవరి 1 దాకా ఆగింది. ఈలోపు 'కౌలు వదులుకుంటున్నాను' అని వేలిముద్ర వేయించుకోవడానికి, సొంత సాగు పేరుతో ఖాళీ చేయించడానికి భూస్వాములకు కావలసినంత వ్యవధి దొరికింది.

ఒకరు ఉంచుకోగల భూమి గరిష్ఠ పరిమితి కథా అంతే. 1961 చట్టంలో నేలను బట్టి 27 నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. 1973లో అది తరికి 10–27, మెట్టకు 35–54 అయింది. చట్టం వస్తోందని ముందే తెలిసినవాళ్లు అప్పటికే పంపకాలు రాసుకుని, బినామీలను వెతుక్కున్నారు.

ఆనాటి భూమి మీద ఇవాళ తగాదా వస్తే ముందు తీసేది 1954-55 నాటి మూల రికార్డు అయిన ఖాస్రా పహాణీ, ఆపైన రక్షిత కౌలుదార్ల రిజిస్టరు. రిజిస్టరులో తాత పేరుండి 38-ఇ సర్టిఫికెట్ లేని కుటుంబాలే ఎక్కువగా ఇబ్బంది పడేది.