లైబ్రరీ సెస్ లెక్క అడిగాం, బాత్రూమ్ తాళం తీశారు

మీ ఇంటి పన్ను కాగితం ఒకసారి బయటికి తీసి చూడండి. జనరల్ ట్యాక్స్, లైటింగ్ ట్యాక్స్, డ్రైనేజీ ట్యాక్స్ అని వరుసగా ఉన్న గడుల్లో లైబ్రరీ సెస్ అని కూడా ఒక గడి ఉంటుంది. పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. ఐదు వేలు పన్ను కట్టే ఇంటి మీద గ్రంథాలయాల పేరుతో ఇంకో నాలుగు వందలు పడతాయన్నమాట. 1960 నాటి పబ్లిక్ లైబ్రరీల చట్టం ప్రకారం ఈ డబ్బును మున్సిపాలిటీలు, పంచాయతీలు ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి.

హైదరాబాద్ శివారులో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి మేమూ కడుతూనే ఉన్నాం. ఆ గడిని నేను పట్టించుకున్నది మాత్రం మా అక్క కూతురు మా ఇంటికొచ్చి చదువుకోవడం మొదలుపెట్టాకే.

వాళ్లది దేవరకొండ దగ్గర పల్లె. పిల్ల డిగ్రీ అయిపోగానే గ్రూప్-2 రాస్తానంది. అశోక్‌నగర్‌లో హాస్టల్ ఫీజు కట్టి, కోచింగ్ ఫీజు కట్టి చదివించేంత స్తోమత మా బావకు లేదు. పత్తి మీద బతికే ఇల్లు. మండల కేంద్రంలో లైబ్రరీ ఉంది గానీ అక్కడికి పేపర్లు తప్ప పోటీ పరీక్షల పుస్తకాలు రావు. అందుకే మా ఇంట్లో ఉండి చదువుకోమన్నాం. మొదట్లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయేది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి ఛార్జీల బాధ లేదు. కానీ మా దగ్గర్నుంచి రెండు బస్సులు మారాలి, పోను రాను సగం పూట రోడ్డు మీదే అయిపోయేది. పైగా అక్కడ సీటు దొరకాలంటే పొద్దున్నే గేటు దగ్గరుండాలి. రాష్ట్రం నలుమూలల పల్లెల నుంచి వచ్చిన పిల్లలంతా ఆ హాల్లో, ఆ చెట్ల కింద, మెట్ల మీద కూర్చుని చదువుతుంటారు. వాళ్ల ఊళ్లలో కూర్చోవడానికి ఒక బల్ల, ఒక ఫ్యాను, నాలుగు పుస్తకాలు ఉంటే ఇంతమంది ఇల్లూ వాకిలీ వదిలి ఇక్కడిదాకా రావాల్సిన పనేముంది?

కొన్నాళ్లకు మా ఇంటికి దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి మారింది. చిన్నదే గానీ నడిచి పోయేంత దూరం. వారం తిరక్కుండానే ఒక సంగతి గమనించాను. పొద్దున నేను నింపిచ్చిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తోంది. ఎండాకాలం.

"నీళ్లెందుకు తాగుతలేవే?" అన్నాను.

"తాగితే బయటికి పోవాల్సొస్తది చిన్నమ్మా. అక్కడ బాత్రూమ్ లేదు."

మర్నాడు నేను కూడా వెంట వెళ్లాను. బాత్రూమ్ ఉంది. వెనకవైపు ఆనుకుని కట్టిన గది, రేకు తలుపు, గొళ్లానికి తాళం. తలుపు కింద పక్క తుప్పు పట్టి ఊడిన సందులోంచి చూస్తే లోపల పాత పేపర్ల కట్టలు, కాలు విరిగిన కుర్చీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. బోరు మోటారు కాలిపోయి చాలా కాలమైందట. నీళ్లు లేవు కాబట్టి తాళం, తాళం ఉంది కాబట్టి స్టోర్ రూమ్. మగపిల్లలు పక్కనున్న టీ కొట్టు వెనక్కి పోతున్నారు. ఆడపిల్లలు తొమ్మిదింటికి వచ్చి నీళ్లు తాగకుండా కూర్చుని, ఇక ఆగలేనప్పుడు పుస్తకాలు సర్దుకుని ఇంటికి పోతున్నారు. మళ్లీ వచ్చేసరికి ఆ కుర్చీలో వేరేవాళ్లు ఉంటారు.

లైబ్రేరియన్ సారు మంచాయన. రెండు బ్రాంచీలకు ఇన్‌ఛార్జి, రోజు మార్చి రోజు అక్కడికీ ఇక్కడికీ తిరుగుతారు. "రాసి పంపిన్నమ్మా, నిధులు లేవంటున్నారు" అని ఆఫీస్ కాపీల ఫైలు తీసి చూపించారు. నిజంగానే ఆయన ఎన్నిసార్లు రాశారో ఆ ఫైలే చెబుతోంది. పన్ను కాగితంలో గడి సంగతి చెప్పింది కూడా ఆయనే. "మనకు డబ్బు లేక కాదమ్మా, జనం కట్టిన డబ్బు మన దాకా వస్తే చాలు" అన్నారు. ఆ తర్వాత ఎంతో ఇష్టంగా 1901 ముచ్చట చెప్పారు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటి వాళ్లు హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టినప్పుడు సెస్సూ లేదు, సర్కారు సాయమూ లేదు. తెలుగు చదువుకోవాలనుకున్న వాళ్లు తమ చేతి డబ్బు వేసుకుని నిలబెట్టారు. ఇప్పుడు సుల్తాన్‌బజార్‌లో ఉంది ఆ నిలయం. మూడేళ్లకు హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం, ఆ మరుసటేడు సికింద్రాబాద్‌లో ఇంకొకటి. ఆ నేల మీద ఇప్పుడు చట్టం ఉంది, పన్ను ఉంది, ఆడపిల్లకు బాత్రూమ్ లేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఏం చేశామో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మామూలు అర్జీ ముందే ఇచ్చాం. ఫలానా పని చేయండి అని రాసిన అర్జీకి "పరిశీలిస్తాం" అన్న మాట తప్ప ఇంకేం రాలేదు. అందుకే సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు పెట్టాం. ఒకటి పన్ను వసూలు చేసే ఆఫీసుకు, ఒకటి గ్రంథాలయ సంస్థకు. ఇద్దరినీ విడివిడిగా అడగడం ముఖ్యం. ఇచ్చేవాళ్లు చెప్పే అంకె, పుచ్చుకునేవాళ్లు చెప్పే అంకె పక్కపక్కన పెడితే తప్ప అసలు విషయం తేలదు.

దరఖాస్తు రాసేటప్పుడు ఎందుకు, ఏమిటి అని అడగకూడదు. "సెస్ ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని ఒక్క ముక్కలో తిప్పి పంపేస్తారు. రికార్డులో ఉన్నదే అడగాలి. పన్ను ఆఫీసును మేం అడిగింది ఇది: గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఏడాదివారీగా వసూలైన లైబ్రరీ సెస్ మొత్తం, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసిన మొత్తం, జమ చేసిన తేదీలు, ఆ ఉత్తర్వుల నకళ్లు, ఇంకా జమ చేయాల్సిన బకాయి. గ్రంథాలయ సంస్థను అడిగింది: అదే మూడేళ్లలో ఆ ఆఫీసు నుంచి అందిన మొత్తం, మా బ్రాంచి మీద పెట్టిన ఖర్చు, మరమ్మతుల కోసం బ్రాంచి పంపిన లేఖల నకళ్లు, వాటి మీద తీసుకున్న చర్య, మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని. ఒక్కో దరఖాస్తుకు పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. పోస్టల్ ఆర్డర్ కౌంటర్‌ఫాయిల్, పోస్టు రసీదు పారేయకూడదు. అప్పీలు పెట్టేటప్పుడు ఆ చీటీలే మన సాక్ష్యం. దరఖాస్తు తెలుగులోనే రాశాం, ఇంగ్లీషులో రాయాలన్న నియమం ఏమీ లేదు.

గ్రంథాలయ సంస్థ నుంచి గడువులోపే జవాబొచ్చింది. లైబ్రేరియన్ సారు రాసిన లేఖలన్నీ వరుసగా, ఒక్కోదాని మీద "నిధుల లభ్యతను బట్టి" అన్న రిమార్కుతో నకళ్లు ఇచ్చారు. అందిన సెస్ అంకె కూడా ఉంది. మూడేళ్లలో ఒక ఏడాది గడి ఖాళీ.

పన్ను ఆఫీసు నుంచి జవాబు లేదు. చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఫోన్ చేస్తే సెక్షన్ క్లర్క్ సెలవు, వెళ్తే సారు మీటింగ్. చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు, వాళ్లను తప్పు పట్టలేం. ఒక పూట కూలీ పోగొట్టుకుని ఎవరు తిరుగుతారు? కానీ మొదటి అప్పీలుకు ఫీజేమీ ఉండదు. గడువు దాటిన ముప్పై రోజుల్లోపు, అదే ఆఫీసులో పై అధికారికి సెక్షన్ 19(1) కింద ఒక పేజీ రాసి పంపితే చాలు. గడువు దాటిపోయింది కాబట్టి సెక్షన్ 7(6) ప్రకారం నకళ్లకు పేజీకింత అని వసూలు చేయకుండా ఉచితంగా ఇవ్వాలని కూడా అందులో రాశాం. విచారణకు రమ్మని నోటీసు వచ్చింది.

పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను. అప్పీలు అధికారి పెద్దావిడ. మా కాగితం చదివి, "ఇంత చిన్నదానికి అప్పీలు దాకా ఎందుకొచ్చారమ్మా, నన్ను కలిస్తే చెప్పేదాన్ని కదా" అన్నారు. నేను మాట్లాడేలోపే పిల్ల అందుకుంది. "మేడం, మా లైబ్రరీల పద్దెనిమిది మంది ఆడపిల్లలం చదువుకుంటున్నం. పొద్దటి నుంచి ఎవ్వరం నీళ్లు తాగం." ఆ గదిలో ఇంకా ఇద్దరు మగ ఉద్యోగులు ఉన్నారు. సిగ్గుపడుతుందనుకున్నాను, తల వంచలేదు. ఆవిడ కాసేపు పిల్ల వైపే చూసి, అకౌంట్స్ సెక్షన్‌కు ఫోన్ చేసి రిజిస్టర్ తెప్పించారు. వసూలైన అంకె ఆ రోజే చేతికొచ్చింది. గ్రంథాలయ సంస్థ ఇచ్చిన కాగితం పక్కన పెట్టి చూపించాను. రెండు అంకెలకూ పొంతన లేదు. ఖాళీగా ఉన్న ఏడాదిలో కూడా సెస్ వసూలైంది, జమ మాత్రం కాలేదు. ఆ డబ్బు ఎవరో తిన్నారని నేను అనను, దానికి ఆధారం లేదు. జీతాలకో చెత్త బండ్లకో సర్దేసి ఉంటారు. అయినా గ్రంథాలయం పేరు చెప్పి తీసుకున్న డబ్బు గ్రంథాలయానికే చేరాలి.

రెండు జవాబుల నకళ్లు, బాత్రూమ్ ఫోటోలు, చదువుకునే పిల్లలందరి సంతకాలు జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇచ్చాం. ఈసారి అర్జీ బరువు వేరు. "బాత్రూమ్ కావాలి" అన్న కాగితానికి నిధులు లేవని చెప్పడం సులువు, "ఈ ఏడాది ఇంత వసూలైంది, ఇంత జమ కాలేదు" అని వాళ్ల సంతకంతోనే ఉన్న కాగితానికి ఆ మాట చెప్పలేరు. టోకెన్ నంబరు రాసిన రసీదు ఇచ్చారు, అర్జీని రెండు ఆఫీసులకూ పంపించారు.

బకాయిలో కొంత భాగం కదిలింది, మొత్తం కాదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) వచ్చి టేపుతో కొలుచుకుని ఎస్టిమేట్ వేసుకుని పోయాడు. ఆ తర్వాత కూడా పని మొదలవడానికి వర్షాకాలం గడిచిపోయింది. కొత్త మోటారు బిగించారు. పాత పేపర్ల కట్టలు తూకానికి వేశారు. ఆ గదిని రెండుగా కట్టి ఒకటి ఆడవాళ్లకు ఇచ్చారు, లోపల గడియ ఉన్న గట్టి తలుపు పెట్టారు. తాళం తీసిన రోజు మా పిల్ల ఇంటికొచ్చి ఖాళీ సీసా నా ముందు పెట్టింది. నేను ఏడ్చేశాను.

సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి ఉంచాలన్న కోరిక తీరలేదు. ఒక్క అటెండర్‌తో రెండు షిఫ్టులు నడవవని సారు అంటున్నారు, అదీ నిజమే. పోస్టుల ఖాళీల కాగితం మా దగ్గర ఉంది కాబట్టి ఆ విషయం మీద విడిగా రాశాం. బకాయిలో మిగిలిన భాగం ఎప్పుడు జమ చేస్తారో అడుగుతూ ఇంకో దరఖాస్తు పెట్టాం. పోటీ పరీక్షల పుస్తకాలు కొన్ని వచ్చాయి, కొన్ని పాత సిలబస్‌వి.

దసరాకు ఊరికి పోయినప్పుడు పిల్ల వాళ్ల నాన్న కట్టిన ఇంటి పన్ను రసీదు చూపించమంది. పంచాయతీ వాళ్లు కట్టించుకునే దాంట్లో కూడా ఈ సెస్ ఉంటుందని వాళ్లకు అప్పటిదాకా తెలియదు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెడితే ఆ పది రూపాయలు కూడా అక్కర్లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. నేను రాసిస్తానంటే వద్దంది. అవే ప్రశ్నలు ఊరి పేరు మార్చి తనే రాసి, పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని వచ్చింది.