మోగని అలారం

ఐదున్నరకే మెలకువ వచ్చేసింది. అలారం తీసేసి వారమైంది, అయినా చెయ్యి దానంతట అదే ఫోన్ కోసం తడుముకుంది.

స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకున్నాక గుర్తొచ్చింది, ఎక్కడికీ వెళ్లక్కర్లేదని. మెడలో ఐడీ కార్డు లేదు. 34 ఏళ్లుగా అది వేలాడిన చోటికి చెయ్యి రెండుసార్లు వెళ్లొచ్చింది.

ఈ తీరిక కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో! పని మీద బెంగ లేదు, నిజంగానే. "సార్, ఒక్క నిమిషం" అంటూ తలుపు దగ్గర నిలబడే ఆ పిల్లల మీదే బెంగంతా.

మధ్యాహ్నం వాళ్లలో ఒకడు ఫోన్ చేశాడు, పాత ఫైల్ ఎక్కడుందని. రెండో బీరువా, కింది అర. చెప్పేశాక కూడా ఇద్దరం కాసేపు ఫోన్ పెట్టలేదు.

చీకటి పడింది. చొక్కా ఇంకా మార్చుకోలేదు.