ఢాకాలో ఒక మసీదు, వెలుతురుతోనే అలంకారం

బైతుర్ రవూఫ్ అని ఢాకాలో ఒక మసీదుంది. గుమ్మటం లేదు, మీనార్ లేదు, బయట్నుంచి చూస్తే ఎర్ర ఇటుకల నలుచదరపు బిల్డింగ్ అంతే. కానీ లోపలి ఫొటోలు చూసినప్పట్నుంచీ నన్ను వదలట్లేదు.

స్థలం ఇచ్చిన పెద్దావిడే ఆర్కిటెక్ట్ అయిన తన మనవరాలు మరీనా తబస్సుమ్‌ని కట్టమని అడిగింది, పాపం మసీదు పూర్తవ్వకముందే ఆవిడ పోయింది. ఇంక చందాలు పోగేయడం దగ్గర్నుంచి అన్నీ ఈవిడే చూసుకుని 2012కి పూర్తి చేశారు, 2016లో ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే ఆగా ఖాన్ అవార్డు కూడా వచ్చింది.

చిక్కేంటంటే స్థలం మక్కా దిక్కుకి తిన్నగా లేదు. అందుకని బయట ఒక చదరం, దాని లోపల గుండ్రటి గోడ, ఆ గుండ్రంలో నమాజ్ హాల్ ఇంకో చదరం, దాన్ని మాత్రం కొంచెం తిప్పి పెట్టారు. అలా తిప్పగా హాల్‌కి నాలుగు పక్కలా మిగిలిన ఖాళీని స్లాబ్ వేసి మూసేయకుండా ఆకాశానికి వదిలేశారు, వెలుతురు అక్కణ్ణుంచి గోడల వెంట కిందికి దిగుతుంది. హాల్ పైకప్పులో అక్కడక్కడా చిన్న గుండ్రటి కంతలు, ఎండ ఎక్కేకొద్దీ నేలమీద వెలుతురు చుక్కలు జరుగుతుంటాయి. ఎదుటి గోడలో నిలువుగా ఒక సన్న చీలిక, ఎటు తిరిగి నమాజ్ చెయ్యాలో ఆ వెలుగే చెప్తుంది. పాలరాయి లేదు, బంగారు పూత లేదు, అయినా ఏ లోటూ అనిపించదు!

జపాన్‌లో తడావో ఆండో అనే ఆర్కిటెక్ట్ కట్టిన చర్చి (ఒసాకా దగ్గర ఇబారాకిలో, 1989) కూడా ఇలా తక్కువ డబ్బుతో అయిందే. బెంచీలు, నేల పరంజా చెక్కలతో చేశారు, కాంక్రీట్ గోడని శిలువ ఆకారంలో చీల్చారు. ఆ చీలికకి అద్దం వద్దని ఆండో పట్టు, చలేస్తుందని చర్చి వాళ్ళ పట్టు, చివరికి అద్దం పెట్టారు. ఆయన మాత్రం ఆ మాట వదల్లేదు, 2017లో టోక్యో ఎగ్జిబిషన్‌లో అదే చర్చిని అసలు సైజులో మళ్ళీ కట్టి అద్దం తీసేసి చూపించారు.

ఇవన్నీ చూశాక మా కాలనీలో కొత్తగా కట్టిన గుడికి వెళ్తే బాధేస్తుంది. గర్భగుడి సంగతి వేరు, అక్కడ చీకటి ఉండాలి, హారతి వెలుగులో స్వామి ముఖం కనబడాలి, అది మన పెద్దలు ఆలోచించి పెట్టిందే. కానీ జనం కూర్చునే మండపం ఏం పాపం చేసింది? నాలుగువైపులా గోడలు, టైల్స్, ఫాల్స్ సీలింగ్, పట్టపగలు కూడా ఎల్ఈడీ లైట్లు. కరెంట్ పోతే భజన ఆగిపోతుంది. చందాల్లో సగం ఆ టైల్స్‌కే పోయుంటుంది, అదే డబ్బులో తూర్పు గోడకి ఇటుక జాలీ (మధ్యమధ్యలో కంతలు వదిలి పేర్చిన గోడ) పెట్టమని మేస్త్రికి చెప్పుంటే పొద్దున సుప్రభాతం టైంకి ఎండ లోపలికి వచ్చేది, గాలీ ఆడేది. మీ ఊళ్ళో గుడి ప్లాన్ ఇంకా కాగితం మీదే ఉంటే కమిటీ వాళ్ళని ఈ ఒక్కటీ అడగండి, స్లాబ్ పడ్డాక ఇంక ఎవరూ వినరు.