తలుపు వెనక పిల్లాడు

తలుపు మూసుకోగానే దాని వెనక నిలబడ్డ పిల్లాడు కనిపించాడు. వెంటనే పాజ్ నొక్కేశాను.

ఇవాళ ‘లవ్‌లెస్’ చూశా. జ్వ్యాగింట్‌సెవ్ 2017లో తీసిన రష్యన్ సినిమా. విడిపోతున్న అమ్మానాన్నలు కొడుకు నాకొద్దంటే నాకొద్దని గొడవపడుతుంటారు. పన్నెండేళ్ల అల్యోషా అదంతా వినేస్తాడు. నోరు తెరిచి ఏడుస్తున్నాడు, గొంతులోంచి చిన్న శబ్దం కూడా రావట్లేదు. అమ్మ పక్కనుంచే వెళ్లిపోయింది, చూడనే లేదు. నాకైతే గుండె పిండేసినట్టయింది.

ఆ తర్వాత వాడు కనిపించకుండా పోతాడు. పోలీసాయన వాడే వచ్చేస్తాడులే అన్నట్టు మాట్లాడి, వాలంటీర్లని అడగమంటాడు.

నాకు బాగా నచ్చింది వాళ్లే. ఆరెంజ్ రంగు బట్టలు వేసుకుని, వరసగా అడవిలో నడుస్తూ, వాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంటారు. ఎవరూ పెద్ద డైలాగులు చెప్పరు. పని చేసుకుపోతారంతే. రష్యాలో నిజంగానే ‘లీజా అలెర్ట్’ అని ఇలాంటి వాలంటీర్ల బృందం ఉంది, 2010 నుంచి తప్పిపోయినవాళ్లని వెతుకుతోంది. కన్నవాళ్లకి లేని ఆత్రం ముక్కూమొహం తెలియనివాళ్లకి ఉండటం చూస్తే ఏడుపొచ్చింది.

చూడండి, కానీ పిల్లలు పడుకున్నాకే. తర్వాత ‘బీన్‌పోల్’ చూడాలి, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో లెనిన్‌గ్రాడ్‌లో ఇద్దరు ఆడవాళ్ల కథ. ఎవరైనా కలిసి చూస్తామంటే ఆదివారం మా ఇంటికి రండి.