45 పెట్టకండిరా

మన ఇంటర్ బ్యాచ్ సంచికకి ఏదైనా రాయమని కమిటీ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. మూడోసారి చేసింది మన మానిటర్. వాడికి కుదరదని చెప్పే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఫస్టియర్ సంగతి నన్నడక్కండి, ఒక్క ముక్క గుర్తులేదు. గుర్తున్నదల్లా ఎంసెట్‌కి ముందు ఆ ఆరు వారాలే. 160 బిట్లు, 180 నిమిషాలు, అందులో 80 లెక్కలే. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి చివరి ఐదు నిమిషాల్లో మిగిలిన బిట్లన్నిటికీ మూడో ఆప్షనే పెట్టేసే 'అన్నీ మూడు' బ్యాచ్ మీకు తెలుసు. నేనూ అందులోవాణ్ణే, ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

మ్యాథ్స్ సార్ మనకి దగ్గరిదారి నేర్పారు. "లెక్క చెయ్యొద్దురా, ఆప్షన్లని పట్టుకోండి. ఎన్ ఉంటే ఒకటి పెట్టండి, తీటా ఉంటే ఒక కోణం పెట్టండి." మనమేమో కనిపించిన ప్రతి తీటాకీ 45 పెట్టడం మొదలెట్టాం. సైనూ కాసూ ఒకటే, పని సగం తగ్గుతుంది.

ఆ ఆదివారం గ్రాండ్ టెస్టులో పదిహేడో బిట్టు. సైన్ పవర్ ఫోర్ తీటా ప్లస్ కాస్ పవర్ ఫోర్ తీటా ఎంత? 45 పెడితే అర. మొదటి ఆప్షన్ సైన్ స్క్వేర్, అదీ అరే. రెండోది కాస్ స్క్వేర్, అర. మూడోది ఒకటి మైనస్ రెండు సైన్ స్క్వేర్ కాస్ స్క్వేర్, మళ్లీ అర. నాలుగోది ఏకంగా అర అనే అచ్చేసి ఉంది!

జిరాక్స్ గాడు లేచాడు. "సార్, బిట్టు తప్పు."

"ఇంకా ఎవరెవరికి తప్పు?"

హాలు హాలంతా చేతులెత్తింది. సార్ ముఖం అంతలా వెలిగిపోవడం నేను మళ్లీ చూడలేదు. బోర్డు మీద 30 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నారు. 30 పెడితే జవాబు ఎనిమిదింట ఐదు, మూడో ఆప్షన్ ఒక్కటే నిలబడింది. ఆ బిట్టుకి మార్కు ఎవరికొచ్చిందంటే, అన్నీ మూడు బ్యాచ్‌కి.

అసలు పరీక్ష? నిమిషం ఆలస్యమైతే రానివ్వరని రెండు గంటల ముందే గేటు దగ్గర నిలబడ్డాం, అంతే గుర్తు. ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజీ కలిసేసరికి నా ర్యాంకు ఇంకాస్త వెనక్కి జరిగింది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నా. నా కింద 22 మంది. కొత్తగా చేరినవాళ్లెవరైనా తప్పు బయటపడని ఇన్‌పుట్ ఒకటి ఇచ్చి "అంతా పాస్ సార్" అని వస్తే, "45 పెట్టావా?" అంటాను. పాపం, వాళ్లు తెల్లముఖం వేస్తారు.

పోయిన నెల సార్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

"సంతోషం. ఇంతకీ నీ ర్యాంకు ఎంతరా?"

చెప్పాను.

"ఊఁ" అన్నారు.