పెదవి మూసుకున్నాక వచ్చే మాట

టీవీలో వార్తలు చదివే ఆవిడ ఇంకా కళ్ళముందే ఉంది. పెదవులు మూసుకున్నాక మాట వినబడుతుంది. మామయ్యగారికి పట్టింపే లేదు, కళ్ళు మూసుకుని వింటారు.

తప్పంతా స్పీకరుని బ్లూటూత్‌కి కలపడంలో ఉంది. శబ్దాన్ని కుదించి, పంపి, అక్కడ మళ్ళీ విప్పేసరికి మామూలుగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు పోతాయి. చిన్నాడు సెట్టింగుల్లో 'ఆడియో డిలే' పెంచాడు. అది శబ్దాన్ని ఇంకా వెనక్కే తోస్తుంది, ముందుకు లాగదు! సున్నాకి తెచ్చి, హెచ్‌డీఎంఐ వైరుతో కలిపితే సరిపోయింది. టీవీ వైపూ స్పీకరు వైపూ 'ఏఆర్‌సీ' (టీవీ శబ్దాన్ని స్పీకరుకి పంపే దారి) అని రాసున్న పోర్టుకే పెట్టాలి, పక్కదానికి పెడితే శబ్దమే రాదు. దీనికి గంటంపావు!

"సెకనులో ఐదో వంతుకి ఇంత గొడవా?" అన్నాడు వాడు. అదే పట్టుకుంది నన్ను. చాకిరేవు అవతలి గట్టు నుంచి చూస్తే బట్ట బండమీద పడుతుంది, మళ్ళీ పైకి లేస్తుంది, అప్పుడు వస్తుంది 'ధబ్' అని. 170 మీటర్లుంటే అర సెకను. గంటలకొద్దీ చూసినా విసుగు రాలేదు. దూరాన్ని బట్టి మెదడు సర్దుకుంటుందేమో అనుకున్నాను మొదట.

కాదు. అక్కడా తేడా తెలుస్తూనే ఉంది. కాకపోతే ఆ 'ధబ్'ని పోల్చుకోవడానికి కంటి సాయం అక్కర్లేదు. మాటకి కావాలి. చెవి నుంచి కబురు పది, పదిహేను మిల్లీసెకన్లలోనే కణత దగ్గరి మెదడుకి చేరుతుంది. కంటి తెరలో రసాయన చర్య జరగాలి కనక చూపు తలవెనక భాగానికి చేరడానికి అంతకు మూడు నాలుగు రెట్లు పడుతుంది. ఆ రెంటినీ మెదడు కలిపే తీరు 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే మనస్తత్వ పరిశోధకులు చూపించారు: చెవికి 'బా' వినిపిస్తూ 'గా' అనే పెదవుల్ని చూపిస్తే చాలామందికి 'దా' అని వినబడింది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకొచ్చినా చూసేవాళ్ళు పసిగడతారని ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంస్థ) లెక్క. ఆలస్యానికే ఓర్పు ఎక్కువ, లోకంలో శబ్దం ఎప్పుడూ వెనకే వస్తుంది కదా. మాది ఆ హద్దూ దాటింది.

మామయ్యగారికి పట్టింపు లేదని రాశాను పైన. తప్పు. వయసుతో ముందు పోయేది హెచ్చు శ్రుతిలో సన్నగా పలికే శబ్దాలే, 'స', 'ష', 'త' లాంటివి. 'మ'కీ 'న'కీ తేడా చెవికి చిక్కకపోయినా పెదవులు చెప్పేస్తాయి. పెదవులు అబద్ధం చెబుతుంటే కళ్ళు మూసుకోవడమే నయమనిపించిందేమో ఆయనకి. రెండు నెలలుగా "ఏమన్నాడూ?" అని అడుగుతూనే ఉన్నారు, నేను విసుక్కుంటూనే ఉన్నాను.

రేపు ఆయన కుర్చీ టీవీకి ఎదురుగా జరపాలి. దూరపు చూపు కళ్ళద్దాలు అలమరలో ఉన్నాయి.