పొద్దున సర్క్యూట్లు, సాయంత్రం మెటియరాలజీ

పైలట్ శిక్షణలో ఇవాళ మొదటి సార్టీ, అంటే మొదటి విడత ఎగరడం, నాదే. తెల్లవారేసరికి విమానాలు ఉంచే హ్యాంగర్ దగ్గరున్నాను. మహారాష్ట్రలోని ఈ బారామతిలో వేసవిలో ఎగరాలంటే పొద్దున్నే ఎగరాలి, ఎండ ముదిరాక నేల కాగి గాలి కింది నుంచి పైకి తన్నుతుంది, పైగా వేడిగాలి పల్చన కాబట్టి ఇంజిన్‌కీ రెక్కలకీ దొరికే బలం తగ్గి మా చిన్న శిక్షణ విమానం సెస్నా 172 ఎత్తు ఎక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది.

ఎగిరే ముందు చేసే చెకింగ్ అంటే నాకు చాలా ఇష్టం. రెక్క కింద వాల్వ్ నొక్కి చిన్న గొట్టంలోకి కాస్త పెట్రోల్ తీసి వెలుతురుకి పట్టి చూస్తాం. విమానాల పెట్రోల్ లేత నీలంగా ఉంటుంది, నీళ్ళు కలిసుంటే అడుగున విడిగా కనిపిస్తాయి. ఆ తర్వాత ఆయిల్, టైర్లు, బ్రేకులు, వేగం కొలిచే పిటాట్ గొట్టం కవర్ తీశామా లేదా, ఇలా ఒక్కొక్కటీ చేత్తో ముట్టుకుని చూడాలి. అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ "భయం వేయట్లేదా తల్లీ" అంటుంది. నిజంగా వేయదమ్మా, ఎందుకంటే అన్నీ నేనే చూసుకుని ఎక్కుతున్నాను. పైలట్ అంటే ధైర్యం అంటారు గానీ, నాకైతే ఇది ముందు జాగ్రత్త, తర్వాతే ధైర్యం.

ఇవాళంతా సర్క్యూట్లే, అంటే ఎగిరి, రన్‌వే పక్కగా ఒక చుట్టు తిరిగి, మళ్ళీ దిగడం. దిగేటప్పుడు రన్‌వే మీద మనం అనుకున్న చోటు ముందు అద్దంలో కదలకుండా ఉండాలి. అది పైకి జరుగుతుంటే ముందే దిగిపోతున్నాం, కిందికి జరుగుతుంటే దాటిపోతున్నాం. చదివినప్పుడు ఒక్క ముక్క ఎక్కలేదు, ఇప్పుడు కన్ను దానంతట అదే చూసుకుంటోంది. ఒకసారి చివర్లో పక్కగాలి గట్టిగా కొట్టింది, విమానం మధ్య గీత నుంచి జరిగింది, వెంటనే ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ చేశాను, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేపాను. పక్కన కూర్చుని నేర్పే సార్, తను చెప్పేవరకూ ఆగకుండా నిర్ణయం తీసుకున్నందుకు మెచ్చుకున్నారు, ఆ మాటతో రోజంతా ఆనందంగా ఉంది.

మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం మెటియరాలజీ, అంటే వాతావరణ శాస్త్రం, పుస్తకం. పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పరీక్షలో 70 శాతం రావాలి, కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు ఎగరాలి, నాన్న ఖమ్మంలో ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తెచ్చారు, అందుకే గంటల లెక్క ఎప్పుడూ తలలో తిరుగుతూనే ఉంటుంది. నాన్నకి మాత్రం డబ్బు మాట ఎత్తితే నచ్చదు, "నువ్వు గాలి సంగతి చూసుకో, అప్పు సంగతి నేను చూసుకుంటా" అంటారు.

రాత్రి ఆయనకి మన దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ గురించి చెప్పాను. 1947లో లైసెన్స్ తెచ్చుకున్నా చాలా విమాన కంపెనీలు ఆడవాళ్ళని తీసుకోం అన్నాయి, చివరికి ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్. ఇప్పుడు మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్ళే, ప్రపంచంలో చూస్తే 5 శాతం దగ్గర. నాన్న కాసేపాగి, "అప్పుడు ఆవిడ ఏ సీట్లో కూర్చునేది?" అని అడిగారు. కో-పైలట్‌గా చేరారు నాన్నా, కుడివైపు సీటు. శిక్షణలో మేం కూర్చునేది ఎడమవైపు, ఎయిర్‌లైన్‌లో అది కెప్టెన్ సీటు. నాకు కావాల్సింది అదే, ఆ మాట నాన్నకి ఇవాళే మొదటిసారి పైకి చెప్పాను.